ఆరు ఓట్లతో కొత్తకోట దాకా

పంచాయతీ ఓటుకు ఊరు పోదామనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను. బస్సుల సంగతి, తిండి సంగతి నేను చెప్పినట్టే నమ్మవచ్చు. మిగతావి మాత్రం ఇంకొకరిని కూడా అడగండి.

మా ఊరు కొత్తకోట నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. అక్కడ మా చెల్లెలు బాలమణి వార్డు మెంబరుగా నిలబడింది. ఆమె వాడలో మోరీ లేదు. ఇళ్ళలో వాడిన నీళ్ళన్నీ బాట మీదే నిలుస్తాయి. అడిగి అడిగి విసిగి, ఇక తానే నిలబడింది. గుర్తు గ్యాస్ పొయ్యి.

“అన్నా, నువ్వు రా. యాదయ్యోళ్ళను గూడ తోల్కరా” అని ఫోన్ చేసింది. యాదయ్యది ఆమె వాడే; హైదరాబాద్‌లో మేస్త్రీ పని. అతను, భార్య మణెమ్మ, తమ్ముళ్ళు ముగ్గురు, నేను. అందరివీ ఆ వార్డు ఓట్లే.

పొద్దున ఏడింటికి ఇమ్లీబన్ బస్టాండులో బస్సెక్కాం. చలి ఉన్నా లోపల ఊపిరాడనంత జనం. మణెమ్మ ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చూపించి, “మొగోళ్ళు, మీరు తీయుండ్రి పైసలు” అని నవ్వింది. షాద్‌నగర్ దాటాక సీట్లు దొరికాయి. సీటు దొరికితే నా నోరు ఊరుకోదు.

“ఆస్ట్రేలియల ఓటు శనారం. ఎయ్యకుంటె జుర్మానా. పోలింగ్ బూత్ బయటనే రొట్టెల మాంసం పెట్టి అమ్ముతరు. నేను రెండు తిన్న” అన్నాను.

“నిన్ను గూడ ఓటెయ్యమన్నరా మామా?” అన్నాడు యాదయ్య.

“అన్నరు. నేనే వద్దన్న.”

ముందు సీటు వాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఇక అమెరికా ఎత్తుకున్నాను. ఎనకట రైతులు ఆదివారం చర్చికి పోయి, సోమవారం గుర్రపు బండి కట్టి, మంగళవారానికి ఓటు దగ్గరికి చేరేవారట. అందుకే అక్కడ నేటికీ మంగళవారమే. గాంబియాలో ఓటు కాగితం లేదు, గాజు గోలీ. డబ్బాలో వేస్తే లోపల గంట మోగుతుంది. రెండుసార్లు మోగితే దొంగ దొరికినట్టే. ఇంగ్లండులో గురువారం, రాత్రి పదింటి దాకా, కుక్కలను కూడా వెంట తెచ్చుకుంటారు.

“కుక్కలకు గూడ ఓటున్నదా?” అంది మణెమ్మ.

“లేదు. ఉంటె మనకన్న ఇశ్వాసంగ ఏస్తుండె” అన్నాను. బస్సంతా నవ్వింది.

ఆ ఆచారాలన్నీ నిజమే. నేను చూశానన్నదే అబద్ధం. నేను చూసిన పరదేశం మస్కట్ ఒక్కటే, అందులోనూ ఒక కంపెనీ మెస్. నేను రొట్టెలు కాలుస్తుంటే ఆ దేశం వాళ్ళూ ఈ దేశం వాళ్ళూ పళ్ళెం ముందు కూర్చుని చెప్పుకున్న మాటలివి. నేనక్కడ ఉన్నన్నేళ్ళూ ఊళ్ళో నా ఓటు ఉత్తగానే పోయింది. ఓటరు లిస్టుకు పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడల్లా బాలమణే, “మా అన్న వస్తడు, పేరు తీయకుండ్రి” అని చెప్పి నా పేరు నిలబెట్టింది.

పదకొండుంబావుకు కొత్తకోటలో దిగాం. “మామా, ముందుగాల ఓటేద్దాం, ఎన్క తిందాం” అన్నాడు యాదయ్య.

“అయిదింటి దాక ఉంటది. గిన్ని దేశాల సంగతి తెల్సినోనికి చెప్తున్నవా?” అన్నాను. కిందటిసారి అసెంబ్లీ ఓటు సాయంత్రం నాలుగున్నరకు వేశాను. అదే లెక్క మనసులో ఉంది.

బస్టాండు పక్క హోటల్లో బిర్యానీ గిన్నె ఇంకా మూత తీయలేదు. పన్నెండవుతుందన్నారు. కూర్చున్నాం. అప్పుడే బాలమణి ఫోన్ చేసింది. చుట్టూ గోల.

“ఏడ దాక వచ్చిండ్రే అన్నా?”

“ఊర్లకొచ్చినట్టే” అన్నాను, గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ.

బిర్యానీ బాగుంది, అది దాచను. తిని బయటికొస్తే ఆటోలు లేవు. అన్నీ ఓట్ల కిరాయిలకే పోయాయి. చివరికి ఒకటి దొరికి, ఓట్లు వేసే బడి దగ్గర దిగేసరికి గేటు మూసి ఉంది.

“టైమైపోయింది పెద్దాయనా. పంచాయతీ ఓటు ఒంటిగంటకే బంద్. లోపట లైన్ల ఉన్నోళ్ళకే” అన్నాడు పోలీసు.

“ఇంగ్లండుల రాత్రి పదింటి దాక…”

“అయితె ఇంగ్లండుకే పో తాతా.”

యాదయ్య తమ్ముడొకడు గేటు పట్టుకుని ఊపాడు. యాదయ్య అతని చెయ్యి తీసేశాడు.

లోపల ఎన్నికల సిబ్బంది అన్నం తిని మళ్ళీ కూర్చున్నారు, ఓట్ల లెక్క మొదలైంది. వార్డు మెంబర్ల తెల్ల ఓటు కాగితాలు ముందు విప్పారు. బాలమణి నాలుగు ఓట్లతో ఓడింది.

బయటికి వచ్చి మా ఆరుగురినీ చూసింది. “తిన్నరా?” అంది.

“కొత్తకోటల తిన్నం.”

“మీ కోసం పొద్దుగాల లేసి వండిన.”

ఆమె వెనకే ఇంటికి నడిచాం. వాడలో బాట మీద నీళ్ళు. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, అలవాటైన రాళ్ళ మీద అడుగులు వేస్తూ పోయింది. నేను దాటలేక ఆగితే వెనక్కి వచ్చి చెయ్యి అందించింది.

“ఊర్లకొచ్చినట్టే అంటివి. గట్లనకుంటె బండి పంపుదును గదనే అన్నా” అంది. అంతే అంది. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. వండినదంతా గిన్నెలో సర్ది మణెమ్మ చేతికిచ్చింది.

సాయంత్రం కొత్తకోటలో బస్సు ఖాళీగా దొరికింది. తిరుగు ప్రయాణానికి అది మంచి వేళ, కావలసిన వాళ్ళు గుర్తుపెట్టుకోవచ్చు. ఈసారి ఎవరూ నన్ను ఏ దేశం సంగతీ అడగలేదు. జడ్చర్ల దాటాక మణెమ్మ గిన్నె విప్పింది. జొన్నరొట్టెలు, కోడికూర. ఆకలి లేకున్నా తలా ఒకటి తీసుకున్నాం. ఊరూరి ఓటు పద్ధతులు పోగేసుకోవడంలో ఉన్న సరదా, మన ఊరి గేటు ఎప్పుడు మూస్తారో కనుక్కోవడంలో లేకపోయింది నాకు.

పక్క సీట్లో పెద్దమనిషి, వేలికి సిరా ఉన్నవాడు, పలకరించాడు. “మీ ఊర్ల ఎవరు గెలిసిండ్రు?”

మంచి అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. మింగేశాను.

“మా చెల్లె నాలుగోట్లతోని ఓడింది. మేము ఆరుగురం కొత్తకోటల బిర్యానీ తిన్నం” అన్నాను.

హాస్యమనుకుని ఆయన గట్టిగా నవ్వాడు. మణెమ్మ నవ్వలేదు. ఇంకో రొట్టె తీసి నా చేతిలో పెట్టి, “తిను మామా” అని కిటికీ వైపు తిరిగింది.