నా బ్యాక్టీరియాకు బెల్లం విందు

నా ఎమ్మెస్సీ పట్టాను నా చేతులతో నేనే చీమలకు పెట్టబోయిన కథ ఇది. నవ్వండి, నేనేమీ అనుకోను.

సెల్‌ఫోనులో పాము ఆట ఆడుకునే రోజులవి. చదువుకోసం యానాం నుంచి పాండిచ్చేరి వచ్చి, ముత్తియాల్‌పేటలో ఓ పెద్దమ్మ ఇంట్లో అద్దెకున్నాను. తరతరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు. ఆమె పెరట్లో ఒకప్పుడు స్కూటర్ల మెకానిక్ షెడ్డు ఉండేదట. ఇంజనాయిలు తాగీ తాగీ నేల నల్లబడింది, గడ్డిపోచ కూడా మొలవదు. నూనె తినే మట్టి బ్యాక్టీరియాతో ఆ నేలను బాగుచేయడం నా ప్రాజెక్టు. అది నెగ్గితేనే పట్టా.

"ఏంది తంబీ, కంటికి కనపడని పురుగులు ఆయిల్ తింటాయా?" అంది పెద్దమ్మ.

"ఎందుకు తినవు పెద్దమ్మా? మూడు నెలలాగండి, ఇక్కడ మల్లెలు వేసుకుందురుగాని!"

రెండు మడులు చేశాను. ఒకదాంట్లో బ్యాక్టీరియా వదిలాను. రెండోది పోలికకోసం, దాన్ని ముట్టుకోకూడదు. అక్కడితో ఆగితే నేను గోదావరి వాణ్ణెలా అవుతాను? ఇంటికి పిలిచిన అతిథికి వట్టి ఇంజనాయిలు వడ్డించడానికి మనసొప్పలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అవి అడక్కుండానే రోజూ బెల్లం నీళ్లు పోశాను. ఊళ్లో చీమలన్నీ చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాయి. వాటికీ పెట్టిన పుణ్యం దక్కిందని మురిసిపోయాను కూడా!

మూడు నెలలకు ల్యాబు ఫలితాలు పట్టుకుని మా గైడ్ మేడం స్వయంగా వచ్చారు.

"బ్యాక్టీరియా వేసిన మడిలో నూనె ఉన్నదున్నట్టే ఉంది. వాటికి ఇంకేం పెట్టావు?"

"బెల్లం, మేడం."

"బూరెలు ముందుపెట్టి, కాకరకాయ ఎందుకు తినలేదంటే ఎలాగయ్యా? సరే, ముట్టుకోని మడిలో సగం నూనె మాయమైందేం?"

పట్టా పోయిందని నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు పెద్దమ్మ కొంగు దోపుకుంటూ ముందుకొచ్చింది.

"నేనేమ్మా. ఆ మడికి దినామూ పోస్తాడు, దీన్ని చూడనే చూడడు. పాపం అనిపించి పేడనీళ్లు పోసి, పారతో తిరగేస్తా ఉండా. తప్పా?"

మేడం పొట్ట పట్టుకుని నవ్వారు. "తప్పేంటమ్మా! గాలీ ఎరువూ అందేసరికి మట్టిలో ముందునుంచీ ఉన్న బ్యాక్టీరియానే లేచి పనిచేసింది. చూడబ్బాయ్, ఈమె దగ్గర నేర్చుకుని మళ్లీ మొదటినుంచి చెయ్యి."

చేశాను. పట్టా వచ్చింది. అయితే అలా మళ్లీ మొదలుపెట్టిన రోజునే, పార మీద చెయ్యేసి, పని అయ్యేదాకా ఏ ప్రాణికీ విందు పెట్టనని గంభీరంగా ప్రమాణం చేశాను.

"ఒట్టు పెట్టింది చాల్లే తంబీ," అంది పెద్దమ్మ. "తిరగెయ్యి!"