ఇంటర్వ్యూలో దుబాసీగా కూర్చున్న రోజు

ఇంటర్వ్యూ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. డెబ్భైల చివర్లో నేను ఒక పెద్ద యంత్రాల కంపెనీలో డిప్లొమా ఇంజినీరుని. పాడేరు దాటి జీపులో ఒక పూట పోతే, కొండల మధ్య కరెంటు తయారుచేసే కేంద్రం కడుతున్నారు. అక్కడ టర్బైన్లు బిగించే పని మా కంపెనీది.

ఆ పనిలో ఆరేళ్ళుగా రోజుకూలీగా ఉన్నాడు పక్క కొండ ఊరి మనిషి ఒకాయన. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మావా అని పిలిచేవాణ్ణి. టర్బైను తిరుగుతుంటే ఒక కర్ర చివర బేరింగు మీద పెట్టి, రెండో చివర చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఒకనాడు "లోపల గీసుకుంతంది బాబూ, బేగి ఆపించు" అన్నాడు. నా మీటర్లన్నీ బాగానే ఉందంటున్నాయి. సరేనని ఆపించి విప్పితే, బేరింగు నిజంగానే గీరుకుపోయి ఉంది. ఇంకాసేపు తిరిగుంటే యంత్రమే పోయేది. పైవాళ్ళు వచ్చి నా వీపు తట్టారు. నేనూ తట్టించుకున్నాను.

పని పూర్తికావస్తుండగా, మరమ్మతులకని కొద్దిమందిని పర్మినెంటు చేస్తామని కంపెనీ నోటీసు పెట్టింది. మిగతావాళ్ళు ఇంటికి పోవాల్సిందే. మావకి పోవడానికి ఇల్లేదీ? ఊరూ పొలమూ అప్పటికే ఆనకట్ట నీళ్ళ కింద ఉన్నాయి. ఈ ఉద్యోగం రాకపోతే ఆయనకి ఆ కొండల్లో కాలు మోపే చోటు లేదు. దరఖాస్తు నేనే నింపి వేలిముద్ర వేయించాను.

ఇంటర్వ్యూ బోర్డని హెడ్డాఫీసు నుంచి ముగ్గురు దిగారు. ఒక్కరికీ తెలుగు రాదు. అందుకని వాళ్ళ పక్కన నన్ను కూర్చోబెట్టారు. ఘాట్ రోడ్డు మీద కడుపులో తిప్పిందని ఒకాయనకి విసుగు, కాఫీ చల్లారిందని ఇంకొకాయనకి. మావకంటే ముందు, కింద మైదానం నుంచి వచ్చిన ఒక షావుకారు గారబ్బాయి లోపలికొచ్చాడు. టర్బైను మొహం చూసి ఎరగడు. అడిగినదానికల్లా "తెలుసు సార్" అన్నాడు. నోరున్నవాడిదే రాజ్యం!

తర్వాత మావ వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. కూర్చోమన్నవాడు లేడు. బేరింగు పాడైతే కనిపెట్టగలడేమో అడగమన్నాడు ఆ ముగ్గురిలో పెద్దాయన. అడిగాను.

"మనకేటి తెలుత్తాది బాబూ" అన్నాడు మావ తల దించుకుని.

తనకేమీ తెలియదంటున్నాడని ఇంగ్లీషులో చెప్పాను.

ఆరేళ్ళూ ఏం చేశాడట అన్నాడాయన.

"ఏదో, సెప్పిన పని సేసుకుపోయాను." అలా అని మావ మళ్ళీ నా వైపే చూశాడు.

అదీ చెప్పాను. ఆయన పేరు మీద ఎర్రగీత పడింది. అంతా రెండు నిమిషాలు పట్టలేదు.

ఆ సాయంత్రం క్యాంటీన్లో బోర్డుని నోటికొచ్చినట్టు తిట్టాను. నాలుగడుగులు వేస్తే యంత్రం ఉంది, అక్కడికి తీసుకెళ్ళి అడగొచ్చు కదా! నిండుకుండ తొణకదని కూడా తెలియని వీళ్ళు పెద్ద అధికారులా? అంత పెద్ద కంపెనీకి ఆ మాత్రం తెలివి లేకపోయిందా?

అక్కడితో అయిపోలేదు. పోయేలోగా నెల్లాళ్ళు, ఆ ఉద్యోగం దక్కిన షావుకారు గారబ్బాయికి పని నేర్పమని మావకి ఆర్డరు వేశారు. మావ నేర్పాడు కూడా. ఏ చప్పుడు మంచిదో, ఏది చెడ్డదో ఓపిగ్గా చెబుతుంటే చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకు సిగ్గులేదా మావా? ఆ రోజు తెలుసని ఒక్క ముక్క అనలేకపోయావా?" అని అరిచాను. ఎవరినీ ఏమీ చెయ్యలేక, చివరికి ఆయన మీదే పడ్డాను.

మావకి నా కోపం అర్థం కాలేదు.

"మా కాడ ఎవుడి గొప్ప ఆడు సెప్పుకోడు బాబూ. పిల్లనడగడానికెల్లినా, పెద్దల ముందర నిలబెట్టినా, మన తరపున ఎల్లినోడే సెప్తాడు. ఆ దినం ఆల పక్కన నువ్వు కూకున్నావు గదా. మనోడే ఉన్నాడు, సెప్తాడులే అనుకున్నాను."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. ఆ తర్వాత బోర్డుని తిట్టడానికి నాకు నోరు రాలేదు.