తేలిక బండి

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సులో కూర్చుని, ఫోనులో రెండు చిన్న స్పోర్ట్స్ కార్ల బొమ్మలు మార్చి మార్చి చూస్తున్నాను. రోడ్డు మీదా, రేసు ట్రాకు మీదా నడుపుకోవడానికి ఒకటి కొనాలి. నెలల తరబడి అదే పిచ్చి, ఏదన్నది మాత్రం తేలలేదు.

పక్క సీటాయన తొంగిచూశారు. "ఈ రెండిట్లో ఏది మంచిదండీ?"

"ఇది బాగా తేలికండి, ట్రాకు మీద దీన్ని మించింది లేదు. అది కాస్త బరువు, రోడ్డుకి నయం."

"తేలికైతే ఏంటండీ లాభం?"

"మలుపులో బరువన్నదే తెలియదండి," అన్నాను హుషారుగా.

"ఆయ్," అన్నారాయన. కాసేపు కిటికీలోంచి కాలువకేసి చూశారు.

"మా పాప కూడా తేలికేనండి. మోటార్ సైకిల్ మీద నా వెనకాలే కూర్చుంది. మలుపులో ఎప్పుడు జారిపోయిందో నాకు తెలీనే లేదండి."

అంతలో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నేను ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. ఆయన ఎడమచెయ్యి మాత్రం వెనక్కి వెళ్లి, సీటును తడిమి, మెల్లగా ఒళ్లోకి వచ్చేసింది.

బరువున్న కారే కొన్నాను. ట్రాకు మీద ప్రతి మలుపులోనూ వెనకబడతాను. ఎందుకు కొన్నావని అడిగితే, రోడ్డుకి నయమని చెబుతాను.