నాలుగు తొమ్మిదులు

ఒక మనిషి ఏం పని చేస్తాడో చెబితే చాలు, మా వదిన నాలుగంకెల సంఖ్య ఒకటి ఠక్కున చెప్పేసేది. బస్సు నడిపేవాడికి ఒకటి, బస్సు కడిగేవాడికి ఇంకొకటి. పెళ్ళయిన కొత్తలో మా అన్నయ్య తాను కుట్టుమిషన్లు బాగుచేస్తానని గొప్పగా చెప్పుకుంటే, "ఇంట్లో వాడేవా, ఫ్యాక్టరీవా?" అని అడిగిందట. రెండిటికీ సంఖ్యలు వేరు.

ఆవిడ ఉద్యోగం ఉపాధి పరిశోధన సంస్థలో. నాదీ అక్కడే, నివేదికల్లో అచ్చుతప్పులు దిద్దడం. జనానికి పనులెందుకు దొరకడం లేదో కనుక్కోవడానికి మూడంతస్తుల మేడ కట్టి, అరవైమందికి పని దొరికేలా చేసిన సంస్థ అది. ఆ మేరకు దాని లక్ష్యం నెరవేరిందనే అనాలి. సమావేశాల వల్ల ఆఫీసుల్లో ఎంత పొద్దు వృథా అవుతుందో తేల్చడానికి పై అంతస్తు పరిశోధకులు ఏడాది పొడుగునా సమావేశమయ్యారు. ఆ నివేదిక దిద్దింది నేనే. వదిన మాత్రం కింద, మెట్ల పక్క గదిలో ఉండేది.

సర్వే చేసేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ఎవరేం పని చేస్తున్నారో వాళ్ళ మాటల్లోనే కాగితాల మీద రాసుకొచ్చేవాళ్ళు. ఆ కాగితాలు చదివి, వృత్తుల పుస్తకంలో చూసి సరైన సంఖ్య వేయడం వదిన పని. ఎందులోనూ ఇమడని పనికి నాలుగు తొమ్మిదులు వేయమని ఆ లావుపాటి పుస్తకం ఆఖరి పేజీలో ఉంది. అంటే ‘ఇతరములు’ అన్నమాట. భోజనాల వేళ దగ్గరపడేకొద్దీ పక్క టేబుళ్ళవాళ్ళు తొమ్మిదులు ఎడాపెడా వేసేవాళ్ళు. వదిన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వేయలేదు. అర్థం కాకపోతే కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేసేది.

"నేనేమీ చేయనండీ, ఇంట్లోనే ఉంటాను," అనేది అవతలావిడ.

"సరే, పొద్దున్న టీ తాగాక ఏం చేస్తారు?"

"ఏముంది, చొక్కాలకి గుండీలు కుడుతూ కూర్చుంటాను."

"ఎన్ని చొక్కాలకి?"

"రోజుకి నలభై."

"కాజాలెవరు తీస్తారు?"

"అవీ నేనే."

ఫోన్ పెట్టేసి, సంఖ్య వేసి, "చూశావా, నలభై చొక్కాలు చేతిమీదుగా వెళుతుంటే ఏమీ చేయనంటోంది. మనుషులకి తమ పని చెప్పుకోవడం చేతకాదు," అని నా దగ్గర విసుక్కునేది. ఆ విసుగు చూస్తే నాకు ముచ్చటేసేది.

ఇంతలో కొత్త డైరెక్టరు గారు వచ్చారు. వస్తూనే, "అందరి నైపుణ్యాలూ లెక్కపెడతాం, మన నైపుణ్యాలు ఎప్పుడైనా లెక్కపెట్టామా?" అన్నారు. నిజానికి మంచి ప్రశ్నే. ఆయన చేతిలో పడటం దాని దురదృష్టం. ఆఫీసులో అందరికీ అదే సర్వే పెట్టాలనీ, ‘ఇతరములు’ కింద తేలిన ఉద్యోగాలు తీసేయాలనీ విధానం ప్రకటించారు.

పై అంతస్తువాళ్ళు వారం రోజులు ఒకరి జవాబులు ఒకరు దిద్దుకున్నారు. అందరికీ వేళకి టీ అందేలా చూసే సూపరింటెండెంటు ‘ద్రవ వనరుల సమన్వయం’ అని రాయించుకున్నాడు. కిటికీలోంచి వీధిని చూస్తూ పొద్దుపుచ్చే ఆయన ‘దీర్ఘకాలిక క్షేత్ర పరిశీలన’ అన్నాడు. నేనూ తక్కువ తినలేదు, ‘భాషా నాణ్యత పర్యవేక్షణ’ అని చెప్పాను.

వదిన వంతు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"మీరేం పని చేస్తారు?" అన్నాడు సర్వే ఆయన.

"కాగితాలు చదివి నంబర్లు వేస్తాను."

"నేర్చుకోవడానికి ఎంతకాలం పడుతుంది?"

"పుస్తకం చూడటం వారంలో వచ్చేస్తుంది."

"ప్రత్యేక నైపుణ్యాలేమైనా?"

"ఏముంటాయండీ, చదవడం రాయడం వస్తే చాలు."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇరవై రెండేళ్ళుగా ఎవరి మీద విసుక్కుందో, అచ్చం వాళ్ళలాగే చెప్పింది.

సంస్థలో ఏ సర్వే కాగితమైనా చివరికి వదిన గదికే రావాలి. మూడోరోజు ఆవిడ కాగితం ఆవిడ టేబుల్ మీదకే వచ్చింది. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"వదినా, ఉద్యోగం పోతుంది. ఆ గుండీలావిడ విషయంలో చేసినట్టే నీకూ చేసుకో."

"కాగితం మీద ఉన్నదే నేను చూడాలి. అర్థం కాకపోతే ఫోన్ చేయాలి."

"అయితే చెయ్యి," అన్నాను ఎకసెక్కంగా.

చేసింది. కాగితం మీద ఉన్నది ఇంటి నంబరు. అన్నయ్య ముందుగదిలోనే మిషన్లు బాగుచేస్తాడు కాబట్టి వెంటనే ఎత్తాడు. అతని గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"ఉపాధి సంస్థ నుంచండీ. మీ ఇంట్లో ఆవిడ ఏం పని చేస్తారో చెప్పగలరా?"

"ఏమిటే ఈ వేళాకోళం?"

"అడిగినదానికి చెప్పండి."

"ఏం చేస్తావు, ఏవో కాగితాలు చూస్తావు. అన్నట్టు, సాయంత్రం వస్తూ మిషన్ నూనె డబ్బా ఒకటి పట్టుకురా."

వదిన ఫోన్ పెట్టేసింది. వృత్తుల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసింది. అందులో పుస్తకాలు కుట్టేవాళ్ళున్నారు, మోసేవాళ్ళున్నారు, వాటికి చెదలు పట్టకుండా మందు కొట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ పుస్తకం చూసి నంబర్లు వేసేవాళ్ళు మాత్రం లేరు. పెన్ను తీసి, కుదురైన చేతిరాతతో నాలుగు తొమ్మిదులు వేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తర్వాతి కాగితం తీసుకుంది. సాయంత్రం నూనె డబ్బా కూడా మరిచిపోలేదు.

వాళ్ళింటికెళ్ళి అన్నయ్యని కడిగిపారేశాను. "సరదాకి అడుగుతోందనుకున్నానే," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మిషన్‌లోంచి తల పైకెత్తలేదు.

వదిన ఉద్యోగం పోయింది. ఆ గది పనంతా సర్వేవాళ్ళకిచ్చిన ట్యాబులకి అప్పజెప్పారు. జాబితాలో ఉన్న పని చెబితే సంఖ్య పడుతుంది, లేనిది చెబితే తొమ్మిదులు పడతాయి. ఆ ఏడాది నివేదికలో అన్నిటికన్నా ఎక్కువమంది చేస్తున్న వృత్తి ‘ఇతరములు’ అని తేలింది. ఇంత వేగంగా ఎదుగుతున్న ఈ రంగం మీద డైరెక్టరు గారు రెండురోజుల సదస్సు పెట్టించారు. సదస్సు పత్రాలు నేనే దిద్దాను. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

మొన్న సెలవురోజున నేను వాళ్ళింట్లో ఉండగా, ట్యాబు పట్టుకుని సర్వే అమ్మాయి వచ్చింది.

"ఆంటీ, మీరేం పని చేస్తారు?"

"ఇప్పుడేమీ లేదమ్మా. ఇదివరకు కాగితాలు చూసేదాన్ని."

అమ్మాయి జాబితా అంతా వెతికి, వేలు కిందికి పోనిచ్చింది. ఆ వేలు ఎటు పోతోందో వదినకి తెలుసు.

"ఆగమ్మా. ఇంతకీ నువ్వేం పని చేస్తావు?"

"నాదేముందాంటీ, ఊరికే మీటలు నొక్కడమే."

వదిన వెన్ను నిటారైంది. చాలాకాలం తర్వాత ఆ ముఖంలో పాత విసుగు కనిపించింది.

"కూర్చో. పొద్దున్న టీ తాగాక ఏం చేస్తావు?"

అమ్మాయి మొదట నవ్వేసింది. అయినా వదిన వదలకుండా అడిగేసరికి ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఏ వీధిలో ఎవరు ఏ వేళకి దొరుకుతారో అంతా నోటికి వచ్చట. చెవులు వినిపించని పెద్దవాళ్ళకి ప్రశ్నలు పెద్దక్షరాలతో రాసి చూపిస్తుందట.

"అత్తగారు పక్కనుంటే కోడళ్ళు ఏ పనీ లేదంటారాంటీ. అందుకని మంచినీళ్ళడుగుతాను. ఆవిడ లోపలికెళ్ళి తెచ్చేలోపు కోడలితో మాట్లాడేస్తాను."

"అది నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. తెలిసేసరికి రెండేళ్ళు పట్టింది."

"మరి మీటలు నొక్కడమే అన్నావే?"

అమ్మాయి చేతిలోని ట్యాబు వంక చూసుకుంది. తర్వాత, "మరి మీరు చేసిన పని ఏమని రాయనాంటీ?" అంది.

వదిన మళ్ళీ "కాగితాలు..." అంటూ మొదలుపెట్టింది. అన్నయ్య చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఇప్పుడు నీ దగ్గర చేసిందే రాయమ్మా," అన్నాడు. "ఇరవై రెండేళ్ళు చేసింది. ఒకసారి ఫోన్ చేసి నన్నే అడిగింది కూడా. అప్పుడు నేను సరిగ్గా చెప్పలేదు."

ట్యాబులో అంత రాయడానికి చోటు లేదు. అమ్మాయి దాన్ని పక్కనపెట్టి, సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసింది.