ఊరంతా మా హాల్లోనే కూర్చుందని రాశాను

మొన్న పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి వాకిట్లోకి వచ్చేసరికి, పాత సామాన్ల బండిలో ఇనుప రేకుల మధ్య, ముందువైపు చెక్క తలుపులున్న పాతకాలపు టీవీ ఒకటి వెల్లకిలా పడుకుని వెళ్తూ కనిపించింది. నా వయసు వాళ్ళెవరైనా దాన్ని చూస్తే ముఖం విప్పార్చుకుని పక్కవాళ్ళతో నాలుగు ముచ్చట్లు చెప్పుకునేవారు. నేను మాత్రం తల దించుకుని లోపలికి వచ్చేశాను. ఎందుకో మీకైనా చెప్పుకోవాలి.

నేను బడికి పోలేదు. తరాలుగా తమిళనాడులోని రాజపాళయంలో ఉన్నా ఇంట్లో తెలుగు అక్షరం పోకూడదని మా నాన్నగారే నా చేత పలక మీద దిద్దించారు. తమిళం చదవడం బస్సుల బోర్డులూ క్యాలెండర్లూ చూసి నేనే కూడబలుక్కున్నాను. ఆ కాస్త చదువు ఇచ్చినందుకు ఆ తండ్రికీ, పైనున్న తండ్రికీ ఈనాటికీ దండం పెట్టుకుంటాను. అందుకే పోయినేడు, మదురై కాలేజీ లైబ్రరీలో పనిచేసే మా చెల్లెలి కోడలు, ఇంటర్నెట్లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉందనీ, అందులో టెలివిజన్ మీది వ్యాసం బోసిగా ఉంది కాబట్టి నన్నూ ఒక చేయి వేయమనీ అడిగినప్పుడు, ఈ వయసులో నా తెలుగుకు ఇంత పని దొరికిందా అని పొంగిపోయాను.

నేను రాసిన వాక్యం ఇది: టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో చిన్న పట్టణాలలో ఊరంతా ఒక ఇంటికి చేరి, హెచ్చుతగ్గులు లేకుండా ఒకే హాల్లో కూర్చుని చూసేవారు. రాస్తున్నంతసేపూ మా అత్తవారి హాలే కళ్ళ ముందు ఆడింది. శ్రీలంక టీవీ నుంచి వచ్చే బొమ్మ అందడానికి మేడ మీద కొబ్బరిచెట్టంత యాంటెన్నా పైపు నిలబెట్టించిన మామగారూ, పెట్టె మీద దుమ్ము వాలకుండా తుండుతో తుడుస్తూ ఉండే చిన్న కోడలిగా నేనూ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి కూడా.

అయితే అక్కడ కళ్ళారా చూశానంటే చెల్లదు, చదువుకున్నవారు పరిశోధించి రాసిన పుస్తకమేదో, అందులో ఏ పుటో చూపించాలి. మా చెల్లెలి కోడలు ఎక్కడెక్కడో వెతికి, మా వైపు పట్టణాలలో టీవీ వచ్చిన కొత్తల గురించిన తమిళ పరిశోధన గ్రంథమొకటి జెరాక్సు తీయించి పంపింది. పంపి, ఫోన్లో, “పెద్దత్తా, పేజీ పూరా చదివినంక నంబరు వేయండి. కళ్ళకద్దుకొని పక్కన పెట్టేదానికి ఇది ప్రసాదం కాదు” అని నవ్వింది.

నేను చేసింది సరిగ్గా అదే. అచ్చయిన కాగితమంటే మా ఇంట్లో కళ్ళకద్దుకోవడమే అలవాటు. ఒక అధ్యాయం పైన పెద్ద అక్షరాలలో ‘ఒకే ఇంటికి ఊరంతా’ అని తమిళంలో కూడబలుక్కోగలిగాను. కింద చిన్న అక్షరాలు చూసి బద్ధకించి, నా వాక్యానికి ఆ పుట సంఖ్య తగిలించి, ధన్యురాలినయ్యాననుకున్నాను.

పది రోజులకు ముక్కూ మొహం తెలియని ఒకాయన ఆ వ్యాసం చర్చ పేజీలో, మీరు చూపిన పుటలో దీనికి విరుద్ధంగా ఉందండీ, ఒకసారి సరిచూస్తారా అని ఎంతో మర్యాదగా రాశారు. కాస్త కోపంగానే కాగితాలు ముందేసుకున్నాను. అక్షరాలు తమిళమే గాని మనసులో చదువుకుంటే ఒక్క మాటా అతకడం లేదు. విసిగి పైకి చదివాను. చదివేసరికి వంటింట్లో ఎవరో నిలబడి మాట్లాడినట్టయింది. అది మా ఊరి తెలుగు! పరిశోధన చేసినాయన ఒక కూలి మనిషి చెప్పిన మాటల్ని చెప్పినవి చెప్పినట్టే తమిళ అక్షరాలలో ఎత్తి రాసుకున్నారు.

“లోపలికి ఎవురూ రమ్మనలేదు, మేమూ పోలేదు. కిటికీ కాడ నిలబడి చూసినాము. ఒకనాడు వాన వస్తే పెట్టె తడుస్తాదని ఆ ఇంటి చిన్న కోడలు కిటికీ మూసేసింది. సినిమా సగంలో ఉన్నది. ఇంటికొచ్చి మిగతా కథ నేనే అల్లి బిడ్డలకు చెప్పినాను.”

పేరు దాచారు గాని నాకు తెలియదా. ఆ చిన్న కోడలిని నేనే. బిడ్డలకు కథలల్లి చెప్పేది మా వెనక వీధిలో ఉండి, ఆసుపత్రుల కట్టుగుడ్డ నేసే మగ్గాలకు పనికి పోయే ఆవిడే. మూసిన సంగతికి సిగ్గుపడ్డాను. కాని తుండు గుర్తుండి, తుడవడం గుర్తుండి, కిటికీ బయట మనుషులు మాత్రం గుర్తులేకపోవడానికి మరింత సిగ్గుపడ్డాను. వాళ్ళందరినీ నలుగురు చదివే చోట మా హాల్లో కూర్చోబెట్టి, పైగా ఆవిడ మాటనే సాక్ష్యం చూపించాను!

వాక్యం తీసేస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియదంది మా చెల్లెలి కోడలు. తీసేద్దామనే కూర్చున్నాను కూడా. తీస్తే ఆ వాన రోజు మూసిన కిటికీ రెక్క మళ్ళీ మూసినట్టే కదా అనిపించి చేయి ఆడలేదు. హాల్లో కూర్చున్నది ఇంటివారూ అయినవారూ అనీ, కూలి కుటుంబాలు కిటికీ బయట నిలబడి చూశాయనీ దిద్ది, అదే పుట సంఖ్య మళ్ళీ వేశాను. నన్ను అడిగిన ఆ తెలియని మనిషికి ఇప్పటికీ మనసులో నమస్కరిస్తాను.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి ఆవిడ కొడుకు కట్టుకున్న ఇంటికి పోయి, గడపలోనే నిలబడి చెప్పాను. ఆవిడ నన్ను చేయి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, “దీనికోసరమా ఇంత దూరం వచ్చినావు చిన్నమ్మా? ఆమా, అవును, మూసినావు. మూసేటప్పుడు నీ ముఖం నేను చూసినాను. నువ్వే మమ్మల్ని చూడలేదు” అంది. వెంటనే, “సరి, ఆ హీరో కడాన బతికినాడా, చచ్చినాడా? నా బిడ్డలకైతే బతికించినాను” అని పకపకా నవ్వింది. నాకు అదీ గుర్తు లేదని ఒప్పుకున్నాను.

ఇప్పుడు గదికొక టీవీ, మనిషికొక ఫోను. పెళ్ళిళ్ళలో మన వయసు వాళ్ళం చేరితే చాలు, ఆ రోజులే వేరు, ఊరంతా ఒక్కటిగా చూసేవాళ్ళమని నిట్టూరుస్తాం. ఆ నిట్టూర్పు నాకూ వస్తుంది, అబద్ధమెందుకు. కాని ఈమధ్య ఎవరు ఆ మాటన్నా, అప్పుడు మీరెక్కడ కూర్చున్నారని అడగాలనిపిస్తుంది.