జాంబిలో పచ్చ రుమాలు

మా మేనమామ రాయపూర్‌లో గూడ్సు బండి గార్డుగా రిటైరయ్యారు. అంటే జీతం ఆగింది, అంతే. ఆ తర్వాత కూడా ఆటో అయినా, పెళ్లి బస్సు అయినా, అందరూ ఎక్కారో లేదో వెనక నిలబడి చూసి, పచ్చ రుమాలు ఊపి, అప్పుడు తాను ఎక్కేవారు.

ఆయన్నీ అత్తనీ ఇండోనేషియాలోని జాంబికి నేనే తీసుకెళ్లాను. నది ఒడ్డున మలయ్ వాళ్ల నగరం, కాస్త దూరంలో ఇటుకల బౌద్ధాలయాల శిథిలాలు.

"అరే, ఈ ఇటుకలు మన రాయపూర్ పక్కన సిర్పూర్‌లో లేవేట్రా? బస్సులో పోయి సాయంత్రం చాయ్‌కి వచ్చేద్దుం కదా!" అంది అత్త.

మామయ్య మాత్రం ప్రతి గుడీ శ్రద్ధగా చూశారు, ప్రతిచోటా వ్యాను వెనక నిలబడి రుమాలు ఊపారు. డ్రైవరుకు మన భాష రాదు గానీ రుమాలు వచ్చేసింది. నాలుగో గుడి దగ్గర అది అద్దంలో కనబడగానే బండి ఉరికించాడు. గూడ్సు బండికి చివర గార్డు పెట్టె ఉంటుంది. వ్యానుకు ఉండదు.

రెండు కిలోమీటర్లు పోయాక అత్త వెనక్కి తిరిగి, "ఒరేయ్, మీ మామయ్యేడ్రా?" అంది. ఆయన ఫోనూ పాస్‌పోర్టూ ఆమె సంచిలోనే ఉన్నాయి. జోకు వెయ్యబోయి, ఆమె మొహం చూసి మానేశాను.

తిరిగి వెళ్తే ఆయన అక్కడే, ఎండలో నిటారుగా నిలబడి ఉన్నారు. అత్త డ్రైవరు మీద విరుచుకుపడింది. మామయ్య అడ్డొచ్చారు.

"ఆయన్నేటీ అనకు. సిగ్నల్ చూడగానే కదిలాడు. నా సర్వీసంతా ఇలాంటి డ్రైవరు దొరకలేదు."

"అయితే ఆయన్నే రాయపూర్ తీసుకుపోదుం. మీరిక్కడే ఉండండి," అంటూనే అత్త ఆయన చెయ్యి పట్టి లోపలికి లాగింది. హోటలు చేరేదాకా వదల్లేదు.