కాళ్లు వెచ్చగా, మోకాలు చల్లగా

1979 వేసవి. వరంగల్‌లో నేను పనిచేసే దవాఖానలో మగవాళ్ల సర్జికల్ వార్డు అంటే ముప్పై మంచాలు, రెండు ఫ్యాన్లు, పగటిపూట ఇద్దరు నర్సులు. తలుపు పక్కనున్న నాలుగు మంచాలు అప్పుడే ఆపరేషన్ అయి వచ్చినవాళ్లకు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు. ఆ నాలుగూ నావి. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు, ఎనిమిదేళ్ల సర్వీసు, ఆ రెంటికీ మించిన పొగరు. నా చార్టులు చూసి నేర్చుకోమని మేట్రన్ కొత్త అమ్మాయిలకు చెప్పేది. ఆ మాట నా చెవిన పడేలా చెప్పేది కూడా.

ఒంట్లో రక్తం సరిగ్గా తిరుగుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండటమే ఆ మంచాల దగ్గర మా పని. ఇప్పుడైతే మంచం పక్కన మిషన్ పెడితే అదే గీతలు గీస్తుంది, అదే మోగుతుంది. అప్పుడు మాకున్నవి మణికట్టు మీద పెట్టే మూడు వేళ్లు, బి.పి. పట్టీ, మంచానికి వేలాడే యూరిన్ సీసా, రోగి పాదాలు తాకి చూసే అరచెయ్యి. అరగంటకోసారి ఇవన్నీ చూసి చార్టులో గడులు నింపాలి. పాదాలెందుకని చాలామంది అడుగుతారు. రక్తం తగ్గినప్పుడు శరీరం ఉన్నదాన్ని గుండెకూ మెదడుకూ దాచుకుని, కాళ్లకూ చేతులకూ పంపడం తగ్గిస్తుంది. చెరువులో నీళ్లు తగ్గితే ముందు ఎండేది కాలువ చివరి మడే కదా. వయసులో ఉన్నవాళ్లలో బి.పి. చాలాసేపు నిలబడి, ఒక్కసారిగా పడిపోతుంది. పాదాలు ముందే చెబుతాయి.

ఒక రోజు పొద్దున్నే పాలంపేట దిక్కు నుంచి మొగిలి అనే గీత కార్మికుణ్ణి జీపులో తెచ్చారు. పాతికేళ్లుంటాయి. తాటిచెట్టు మీద నుంచి జారిపడ్డాడు. కడుపులో ఎడమ పక్కనుండే స్ప్లీన్, అంటే ప్లీహం, చితికిపోయింది. దాన్ని తీసేసి, రక్తనాళాలను దారంతో ముడివేసి, ఒక సీసా రక్తం ఎక్కించి, మధ్యాహ్నం పన్నెండుకల్లా నా రెండో నంబరు మంచం మీదికి చేర్చారు.

వెంట ఉన్నది అతని అత్త సారక్క. భార్య బాలింత, తొమ్మిదో రోజు. అతనికి తల్లి లేదు. సారక్క అల్లుడి ముందు తల మీద కొంగు తియ్యదు, అతనితో నేరుగా మాట్లాడదు. "నొప్పి ఉన్నదేమో అడుగు బిడ్డా" అని నాతో అనేది, అతను పక్కనే వింటుండగా. "లేదని చెప్పు సిస్టరమ్మా" అని అతను కళ్లు తెరవకుండానే అనేవాడు. మూరెడు దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను టపా మోసేదాన్ని.

ఒంటిగంటకు ఆమె అతని దుప్పటి సర్దబోతుంటే కసిరాను.

"పేషెంటును ముట్టుకోవద్దు పెద్దమ్మా. కుట్లు పిగిలితె ఎవలు జిమ్మేదార్? దూరం కూసో."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మంచానికి కాళ్ల వైపు నేల మీద కూర్చుంది.

రెండు గంటలకు పల్స్ నూట నాలుగు, బి.పి. బాగానే ఉంది, పాదాలు వెచ్చగా ఉన్నాయి. రెండున్నరకు పల్స్ నూట పది, యూరిన్ కొంచెం తగ్గింది, పాదాలు వెచ్చగానే ఉన్నాయి. మూడింటికి పల్స్ నూట పద్దెనిమిది. నాకు నచ్చలేదు. సర్జన్ గారికి కబురు పెట్టాను. ఆయన వచ్చి నాడి చూసి, చార్టు చేతిలోకి తీసుకున్నారు.

"కాళ్లెట్లున్నయి సిస్టర్?"

"వెచ్చగున్నయి సార్. ప్రతిసారి చూసిన."

"అయితే నొప్పికి పెరిగిందేమో. ఇంజెక్షన్ ఇవ్వు. ఇంకో గంట చూద్దాం."

నా చార్టు మీద ఆయనకు అంత నమ్మకం. తాను తాకి చూడలేదు. చూసినా వెచ్చగానే ఉండేవి.

మూడున్నరకు కూడా అదే రాశాను. నా వేళ్లకు అల్లం వాసన వస్తోందని అప్పుడే గమనించాను. పొద్దున తాగిన చాయ్ వాసనేమో అనుకున్నాను. ఇంత తెలివిగల నర్సుకు అంతకంటే ఏమీ తోచలేదు.

నాలుగింటికి ఐదు నిమిషాలు తక్కువ. సీసాలోకి యూరిన్ రావడం దాదాపు ఆగిపోయింది. గొట్టం ఎక్కడైనా మెలిక పడిందేమోనని దుప్పటి ఎత్తి చూస్తుంటే, నా మోచెయ్యి అతని మోకాలికి తగిలింది. చల్లగా, తడిగా ఉంది. బయట ఎండ మాడ్చేస్తుంటే మోకాలు చల్లగా ఉండటమేమిటి? పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. పిక్క పట్టుకున్నాను. చల్లగా ఉంది. చివరి మడిలో నీళ్లున్నాయి, కాలువ మాత్రం ఎండిపోయింది. అంటే ఎవరో కడవతో మోసి పోస్తున్నారు.

"పెద్దమ్మా, కాళ్లకేం చేసినవ్?"

"ఏం జెయ్యలే బిడ్డా" అని కొంగు ముఖం మీదికి లాక్కుంది.

ఆమె చేతులు పట్టుకుని తిప్పి చూశాను. అరచేతుల నిండా సొంటి పొడి. ఒళ్లో ఒక తువ్వాల, ముట్టుకుంటే చురుక్కుమంది. వరండా బండ మీద ఎండకు కాగబెట్టి తెచ్చి పాదాలకు చుడుతోంది.

"నువ్వు అటు పోంగనే రాసిన" అంది. "ముట్టుకోవద్దంటివి. అల్లుని కాళ్లు అత్త ముట్టుడేందని ఆయినె సుత అనుకుంటడని, కండ్లు మూసినంకనే రాసిన. పెండ్లిల కడిగిన కాళ్లే గద అనుకున్న. సల్లవడ్తాంటె సూస్కుంట ఎట్ల కూసుందు?"

"ఎప్పటిసంది సల్లవడ్తానయి?"

"రొండు గంటలకు నువ్వు ఈడికి రాకముందు పక్క మంచపాయినెకు సూది ఇయ్యవోయినప్పటి సంది. ముందుగాల ఏళ్లు. రాస్తె ఎచ్చవడ్డయి. డాక్టర్ సారు వచ్చిపోంగ చీలమండల దాంక వచ్చింది. గిప్పుడు పిక్కలు సుత. ఎంత రాసినా నిలుస్తలేదు బిడ్డా. పొడి సుత ఒడిసింది."

నేను నాలుగుసార్లు వచ్చి వెళ్లాను. నేను ఉన్నప్పుడు తప్ప ఆమె చెయ్యి తీసింది లేదు. మొగిలి ఒంట్లో రక్తం ఎక్కడిదాకా తగ్గిందో వేలితో చూపించినట్టు చెబుతోంది.

పరుగెత్తాను. వార్డులో పరుగెత్తకూడదని కొత్త అమ్మాయిలకు పాఠం చెప్పేది నేనే.

"సార్, నేను రాసింది తప్పు. కాళ్లు సల్లవడి రొండు గంటలైంది. లోపల బ్లీడ్ అయితాంది."

ఆయన ఎందుకని అడగలేదు. వచ్చి రెండు మోకాళ్ల మీద చేతులు పెట్టారు. అప్పటికే బి.పి. దిగడం మొదలైంది. "థియేటర్ తెరవమను" అన్నారు. జీపులో వచ్చిన ఊరివాళ్లలో ఇద్దరి రక్తం సరిపోయింది. ఇరవై నిమిషాల్లో లోపలికి తీసుకుపోయారు. కడుపులో ఒక ముడి జారిపోయి, రక్తం లోపలే నిండుతోంది. మళ్లీ కట్టారు. పొద్దుగూకే వేళకు అతన్ని తెచ్చి పడుకోబెట్టాక చూస్తే, మోకాలు, పిక్క, చివరికి పాదం, వరసగా వెచ్చబడుతూ వచ్చాయి. ఈసారి నేను ఎవరినీ దూరం కూర్చోమనలేదు.

"ఇంకో అరగంటైతే దక్కకపోయేటోడు" అన్నారు సర్జన్ గారు. అంతే. తిట్టినా బాగుండేది.

చార్టులో రాసింది చెరపకూడదు. తప్పు మీద ఒక గీత గీసి, పక్కన సంతకం చెయ్యాలి. రెండు గంటల నుంచి 'పాదాలు వెచ్చగా' అని రాసిన నాలుగు చోట్లా గీత గీసి సంతకం చేశాను. కింద సారక్క చెప్పింది చెప్పినట్టు రాశాను: రెండింటికి వేళ్లు, మూడింటికి చీలమండలు, నాలుగింటికి పిక్కలు. ఆ చార్టును మేట్రన్ కొత్త అమ్మాయిలకు చూపించలేదు. నేనే చూపించాను.

సారక్క నాతో చెప్పాల్సింది అని ఎవరైనా అనవచ్చు. చెప్పే వీలు లేకుండా ఆమె నోరు మూయించింది నేను. మర్నాడు ఆమె పక్కన నేల మీద కూర్చుని "తప్పు నాది పెద్దమ్మా" అన్నాను.

"తప్పు లేదు, గిప్పు లేదు. బతికిండు, సాలు. నేను కాళ్లు వట్టిన్నని అల్లునికి మాత్రం చెప్పకు బిడ్డా. సిగ్గుతోని సస్త." చెప్పనని మాటిచ్చాను.

పన్నెండో రోజు డిశ్చార్జ్. సారక్క రిక్షా మాట్లాడటానికి బయటికి వెళ్లింది. మొగిలి నన్ను దగ్గరికి పిలిచాడు.

"సిస్టరమ్మా, గా దినం నాకు జర మతి ఉండె. కాళ్లు రాసేది ఎవలో గాజుల సప్పుడుకే ఎర్కైంది. కండ్లు తెరిస్తె దూరం జరుగుతదని మూసుకునే ఉన్న. నాకెర్కని మా అత్తకు చెప్పకున్రి. తెలిస్తె మల్ల నా ఎదురుంగ రాదు."

సరేనన్నాను. నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. ఇద్దరికీ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. అతను మెల్లగా నడిచి వెళ్తుంటే, అతని చెప్పులు చేత్తో పట్టుకుని, కొంగు కప్పుకుని, పది అడుగులు వెనక ఆమె వెళ్లింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు వార్డులోనే ఉన్నాను. మిషన్లు కూడా వచ్చాయి. పాదంతో ఆగకుండా మోకాలు దాకా తాకి చూడటం నా దగ్గర పనిచేసిన ప్రతి అమ్మాయికీ నేర్పాను. అంతకంటే ముందు ఇంకొకటి నేర్పాను. గడి నింపేముందు, రోగి కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి పక్కన ఒక్క నిమిషం కూర్చుని, "ఏం సూసినవ్ అమ్మా?" అని అడగాలి. కసురుకోకుండా అడగాలి. అడిగితే చెబుతారు. సారక్క కూడా అడగగానే అంతా చెప్పింది. నేనే రెండు గంటలు ఆలస్యంగా అడిగాను.